తొమ్మిదంగలు జరిగిన చర్చి గంట

జన్నిస్ ప్రాణం పోయే రోజున ఆయన మంచం పక్కన కూజా నిండుగానే ఉంది. అయినా ఆయన కళ్ళు తెరిచి, కూతురి వైపు తిరిగి, "తల్లీ, వెళ్ళి కాసిని మంచినీళ్ళు పట్రా" అన్నాడు. థియోపిస్తి కూజా వంక చూసింది. తండ్రి వంక చూసింది. గ్లాసు తీసుకుని పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి గదికి లోపలి నుంచి గడియ పడి ఉంది. లోపల ఆమె తమ్ముడు మీరోన్, పడవ తాడు విప్పకముందే కడుపులో తిప్పి కక్కుకునే మీరోన్, తండ్రి నోటికి చెవి ఆనించి కూచున్నాడు. ఆమె తలుపు తట్టలేదు. గ్లాసులో నీళ్ళు వెచ్చబడేదాకా వసారాలో నిలబడింది.

జన్నిస్ కొడుకు చెవిలో చెప్పింది బంగారం పాతిపెట్టిన చోటు కాదు. ఒక బండ ఉన్న చోటు. ఫూర్ని దీవిలో పొలాలు గోచీపాతంత. తండ్రి కొడుక్కిచ్చే అసలు ఆస్తి నీళ్ళ కింద ఉంటుంది. జన్నిస్ బండ పైకొస మీద పాతిక మీటర్ల నీళ్ళున్నాయి. దాని గుహల్లో రోఫోస్ అనే పెద్దనోటి చేపలు ఏళ్ళ తరబడి కాపురముంటాయి. పైనుంచి చూస్తే మాత్రం అంతా ఒకటే నీలం. అందుకని ఒడ్డు మీది రెండు వస్తువుల్ని ఒకదాని వెనక ఒకటి వచ్చేట్టు చూసుకుంటారు. అదొక గీత. పక్కవైపు ఇంకో రెండు వస్తువులతో ఇంకో గీత. రెండు గీతలూ కలిసినచోట బండ. ఆ నాలుగు వస్తువుల పేర్లనే గుర్తులంటారు. గుర్తుల్ని కాగితం మీద పెట్టరు. పెళ్ళానికి చెప్పరు. కూతురికి అసలే చెప్పరు, ఇంకో ఇంటికి వెళ్ళి ఇంకో మగాడికి చెప్పేస్తుందని.

థియోపిస్తి ఏ ఇంటికీ వెళ్ళలేదు. తొమ్మిదో ఏట నుంచి ఇరవై నాలుగో ఏట దాకా తండ్రి పడవకి తెడ్లు వేసింది. తెడ్లు వేసే మనిషి పడవ వెళ్ళే దిక్కుకి వీపు పెట్టి కూచుంటుంది. ఎదురుగా కనిపించేది వదిలొచ్చిన ఒడ్డే. "ఇలియాస్ ప్రవక్త గంట గాలిమర భుజం మీద కూచోవాలి. అక్కణ్ణించి చూపు కదిపావంటే వీపు చీరేస్తా" అనేవాడు జన్నిస్. కొండ కొమ్మున ఇలియాస్ ప్రవక్త చర్చి, దాని గంటకి తెల్లటి రాతి గూడు. కొండ దిగువన, సముద్రానికి దగ్గరగా, పాత గాలిమర. గూడు గాలిమర భుజానికి ఆనుకుని ఉండేట్టు ఆమె పదిహేనేళ్ళు పడవ నడిపింది. రెండో గీత జన్నిస్ చూసుకునేవాడు. ఆమె తల పక్కకి తిరిగితే నిజంగానే దెబ్బ పడేది. బండ మీదికి చేరాక, అడుగున అద్దం బిగించిన బకెట్టుని నీళ్ళలో ఆనించి కిందికి చూసేవాడు. ఆయనొక్కడే చూసేవాడు.

తర్వాత పడవకి ఇంజను వచ్చింది, తెడ్లు వేసే కూతురితో పని తీరింది. తర్వాత ఆయన పోయాడు. మీరోన్ పడవ అమ్మేసి, పట్నం పోయి పిరయస్ రేవులో సిగరెట్లూ పేపర్లూ అమ్మే కొట్టు పెట్టుకున్నాడు. థియోపిస్తి ఆ ఇంట్లోనే ఉండి, యాత్రికులకి గదులు అద్దెకిచ్చేవాళ్ళ దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేస్తూ బతికింది. ఈ సంగతులన్నీ, గంటా గాలిమరా తప్ప, మా రేవులో కూలి చేసే సరాంతిస్‌కి ఆమే చెప్పింది. సరాంతిస్‌కి చాలా ఇష్టమైన మనుషుల్లో ఆమె ఒకతె. ఆమెకి అన్యాయం చేసినవాళ్ళ వరసలో తన పేరు కూడా ఉంటుందని అతను అప్పట్లో అనుకోలేదు.

వాళ్ళ పరిచయం ఒక కయాక్‌తో, ఒక్క మనిషి తెడ్డేసుకుపోయే సన్నటి ప్లాస్టిక్ పడవతో, మొదలైంది. సరాంతిస్ అప్పటికి ఇరవయ్యేడేళ్ళవాడు. తాపీ మేస్త్రీ కింద పనిచేసేవాడు, ఓడలొస్తే సామాన్లు దించేవాడు, వేసవిలో ఈటె తుపాకీతో మునిగి చేపలు కొట్టేవాడు. సామోస్ దీవిలో కయాక్‌లు అద్దెకిచ్చే షాపొకటి మూతపడితే, ఎండకి వెలిసిపోయిన ఏడు ఎర్ర కయాక్‌లు చవగ్గా కొనుక్కొచ్చి రేవులో వరసగా బోర్లించాడు. నాలుగు రోజులు ఈగలు తప్ప ఎవరూ వాలలేదు. ఐదో రోజు థియోపిస్తి ఇస్త్రీ బుట్ట చంకన పెట్టుకుని వచ్చి, పద్నాలుగు నంబరు వేసి ఉన్న కయాక్‌ని కాలి బొటనవేలితో తట్టింది.

"ఇది మునుగుద్దా?"

"ప్లాస్టిక్కు పిన్నీ. మునగమని బతిమాలినా మునగదు."

"మరి ఆ షాపోడెందుకు మునిగాడు?"

సరాంతిస్ నవ్వాడు. "ఎవరికి పిన్నీ? చుట్టాల పిల్లలకా?"

"నాకు."

"నీకా? నీకెన్నేళ్ళు?"

"యాభై ఒకటి. దీనికెన్నేళ్ళు?"

"పన్నెండుంటాయి."

"అయితే ఇది నా చేతిలో పసిపిల్ల. ఓడ సరుకంతా దించినంత కూలి చెప్పమాక. తొంభై యూరోలు. పైన రెండు వారాలు నీ చొక్కాలు ఇస్త్రీ చేస్తా."

"నాకు చొక్కాలెక్కడున్నాయి పిన్నీ?"

"అదీ నిజమేలే. అయితే తొంభయ్యే."

నీళ్ళు బయటికి పోయే కన్నానికి మూత లేదని అమ్మాక గుర్తొచ్చింది. సరాంతిస్ సారా సీసా బిరడాని చాకుతో చెక్కి దిగ్గొట్టాడు. అది చివరిదాకా ఊడలేదు. వెనకవైపు రెండు ప్లాస్టిక్ పైపు ముక్కలు బిగించి గేలపు కర్రలు నిలబెట్టే చోటు చేశాడు. పాల డబ్బాలు మోసే పెట్టెని సైకిలు ట్యూబుతో కట్టి గాలాలకీ, ఎరకీ, అన్నం మూటకీ అదే గది అన్నాడు. వారం తిరక్కుండానే ఆమె గాలానికి కళామారీలనే కణవ చేపలు పడ్డాయి. వాటిలో సగం అతని గుమ్మంలో పెట్టి వెళ్ళింది. ఆ మర్నాడు వచ్చి అసలు మాట అడిగింది.

"నీళ్ళ కిందికి పోయి చూడాలంటే ఏమేం కావాలి?"

కావలసినవన్నీ అతని కొట్టు గదిలో మూలపడి ఉన్నాయి. ఎవరో బెల్జియం లావుపాటి మనిషి వదిలేసి పోయిన రబ్బరు సూటుని ఆమె నడుం దగ్గర కత్తిరించి, మోకాళ్ళకి ట్యూబు ముక్కలు అతికించుకుంది. కాళ్ళకి తొడిగే రెక్కలు ఒకటి చిన్నది, ఇంకోటి పెద్దది. పాత వలల సీసపు గుళ్ళని పెనంలో కరిగించి, సబ్బుపెట్టె అచ్చులో పోసి, నడుం పట్టాకి బరువులు చేశారు. కళ్ళకి పెట్టుకునే అద్దం మాత్రం పై పెదవి దగ్గర కారేది.

"ఇది మీసాలున్నోడి కొలతకి సాగిపోయిందిరా."

"వ్యాసెలిన్ రాసుకో పిన్నీ."

"మీసాలు పెంచుకుంటాలే, ఈ వయసులో అదొక్కటే దానంతట అదే వస్తంది."

ఈటె తుపాకీ ఇవ్వబోతే వద్దంది. "నేను చంపటానికి కాదు, చూడటానికి." ఏం చూడటానికో అప్పుడు చెప్పింది. రేవు గోడ మీద కూచుని, అంజూరపండు రొట్టెలో పెట్టుకుని తింటూ, కూజా సంగతీ, తండ్రి గడియ సంగతీ చెప్పింది. "దాని మీద పదిహేనేళ్ళు కూచున్నా సరాంతిస్. నా కిందనే ఉంది. ఒక్కసారి చూళ్ళేదు. అది నల్లదో, ఎర్రదో, ఎలుగ్గొడ్డులా ఉంటదో, ఇల్లులా ఉంటదో నాకు తెలీదు. చూసొచ్చి చచ్చిపోతా."

"మీరోన్ మావయ్యకి ఫోన్ చెయ్యకపోయావా?"

"చేశా. ఒరే, నాన్న ఏం చెప్పాడ్రా అన్నా. పదహారేళ్ళయింది అక్కా, ఏదో గంట, ఏదో మేకల పాక అన్నట్టు గుర్తు, అన్నాడు. మా నాన్న నన్ను గెంటి వాడి చెవిలో పోశాడు, వాడు చెవి దులుపుకున్నాడు."

సరాంతిస్‌కి ఒళ్ళు మండింది. అతనికి దీవి మీద అన్నిటికీ ఒళ్ళు మండేది. "నా పడవలో లోతు చూపించే యంత్రం ఉంది పిన్నీ. పాతదే గానీ పనిచేస్తది. పద, ఒక్కపూటలో దొరుకుద్ది."

"నీకు నేను గీత చెప్పాలిగా?"

"చెప్పాలి మరి."

"అయితే వద్దు."

అతను బలవంతపెట్టలేదు. ఏ మొహంతో పెడతాడు? ఆ అడ్డుగోడ తండ్రే ఆమె చుట్టూ కట్టాడు. అయినా దానికి సున్నం వేస్తున్నది ఆమే. మా దీవి మనుషులం అందరం అంతే. తన్నిన కాలుని తిట్టుకుంటూనే దాని అచ్చుని భద్రంగా దాచుకుంటాం.

మొదటి వేసవి అంతా అతను ఆమెకి చిన్నరేవులో నేర్పాడు. సూట్లో సబ్బునీళ్ళు పోసుకుంటే ఒళ్ళు జారుతుందని చెప్పాడు. రాయి కట్టిన తాడుకి మీటరుకొక ముడి వేసి దించి, ముడి ముడికీ ముక్కు పట్టుకుని చెవుల్లోకి గాలి ఊదమన్నాడు. చెవి నొప్పెడితే పైకొచ్చేయాలి, పంతం పనికిరాదు. మునిగే ముందు ఎడాపెడా ఊపిరి తియ్యకూడదు. కయాక్ కొట్టుకుపోకుండా దాని తాడు నడుముకే ఉండాలి. అన్నిటికంటే పెద్ద కట్టడి, ఒకరు కింద ఉంటే ఒకరు పైన ఉండాలి.

ఆమె మొదటి రోజు మూడు ముడుల దగ్గరే ఉక్కిరిబిక్కిరై పైకొచ్చింది. ఆగస్టుకి పది ముడులు దిగింది. అద్దం తీసి, ఎర్రబడ్డ కళ్ళతో అతన్ని చూసి, "ఒరేయ్, కింద ఎవరూ దుప్పట్లు ఇయ్యరు" అంది. ఆ నవ్వు సరాంతిస్ మర్చిపోలేదు.

కానీ నడిసముద్రానికి ఆమె ఒక్కతే వెళ్ళేది. పైన ఒకరుండాలన్న కట్టడిని ఆమె కొట్టేసింది. పైన ఉన్న మనిషి గీత చూస్తాడు గనక.

ఆమె వెళ్ళే తీరు చూసి రేవంతా నవ్వింది. కయాక్‌లో కాళ్ళు చాచే వైపుకి వీపు పెట్టి, తిరగేసి కూచుని, తెడ్డుని వెనక్కి తోస్తూ పోయేది. సముద్రం ఆమెకి వీపుతోనే తెలుసు. ముందుకి తిరిగి కూచుంటే చేతులు తడబడేవి. ముసలి లికూర్గోస్ వలలు కుట్టుకుంటూ కేకేసేవాడు.

"ఎండ్రకాయ బయల్దేరిందిరోయ్! అమ్మాయ్, ముందేముందో చూసుకో, టర్కీ వెళ్ళిపోతావ్!"

"నీ పడవ ముందుకే పోద్దిగా బాబాయ్, ఏం తెస్తున్నావ్? డీజిలు చీటీ!"

ఆ మాటకి లికూర్గోస్ సూది వేలికి గుచ్చుకునేంత నవ్వాడు. పేరు మాత్రం ఉండిపోయింది, ఎండ్రకాయ అని. ఆమె పట్టించుకోలేదు. గాలి లేని ప్రతి పొద్దుటా దుప్పట్లు ఆరేసి వెళ్ళేది, ఎండెక్కాక వచ్చి ఇస్త్రీ పెట్టె వేడెక్కించేది. రెండు వేసవులూ, వాటి మధ్య చలికాలంలో మంచి రోజులూ అలాగే గడిచాయి. దొరికిందా అని సరాంతిస్ అడిగేవాడు కాదు. ఆమె మొహం చూస్తే తెలిసేది.

మూడో ఏడు మే నెలలో అతను ఇకారియా దీవి నుంచి సిమెంటు బస్తాలతో తన ఇంజను పడవలో వస్తుంటే, దూరాన ఎర్ర మచ్చ కనిపించింది. దగ్గరికొచ్చి ఇంజను ఆపాడు. ఆమె అతన్ని చూడలేదు. తిరగేసి కూచుని, మెడ నిక్కించి, ఒడ్డు వైపు రెప్ప వెయ్యకుండా చూస్తోంది. తెడ్డుతో కొంచెం ఇటు, కొంచెం అటు. ఇలాంటి చూపు వెంట పోకూడదని మా దీవిలో మాటలొచ్చీరాని పిల్లాడికి కూడా తెలుసు. సరాంతిస్ చూపు అటే పోయింది. ఇలియాస్ ప్రవక్త గంట, గాలిమర భుజం మీద.

మొదట అతనికి నవ్వొచ్చింది. తర్వాత గుర్తొచ్చింది.

ఆ గంటని అక్కడ పెట్టింది అతనే.

కయాక్‌లు కొనడానికి ముందు ఏడు భూకంపం వచ్చినప్పుడు ఇలియాస్ ప్రవక్త చర్చి గంటగూడు పునాది చీలింది. పాతచోట తవ్వితే బండ పగలడం లేదని మేస్త్రీ గూడుని ప్రహరీ గోడ రెండో కొసకి మారుద్దామన్నాడు. కొండ మీద ఏది కదపాలన్నా మా దీవిలో ఒక ఆచారముంది. గోడైనా, చెట్టైనా, సున్నం కొట్టిన రాయైనా, ముందు కాఫీ హోటల్లో నిలబడి అడగాలి. ఎవరి గుర్తులో అది ఉందో ఎవరికి తెలుసు? మేస్త్రీ తరఫున సరాంతిసే నిలబడి అడిగాడు. "ఇలియాస్ గంటని తొమ్మిదంగలు తూర్పుకి జరుపుతున్నాం. ఎవరికైనా అభ్యంతరమా?" ఎవరూ నోరెత్తలేదు. ఎత్తరు. అభ్యంతరమన్నవాడు తన గుర్తు బయటపెట్టుకున్నట్టే. పేకముక్కల వెనక ముగ్గురు ముసలాళ్ళ మొహాలు పాలిపోయాయి, అంతే. తర్వాత నెల్లాళ్ళు వాళ్ళు సముద్రంలో గానుగెద్దుల్లా తిరుగుతుంటే సరాంతిస్ పగలబడి నవ్వాడు.

కాఫీ హోటల్లో ఆడవాళ్ళు కూచోరు. ఆమెని ఎవరూ అడగలేదు. చర్చి పండగ జూలైలో, జూలైలో ఆమెకి దుప్పట్ల కొండలు. కొండెక్కి ఎన్నేళ్ళయిందో. కింది నుంచి చూస్తే గంట గంటలానే ఉంది.

కొండ మీద తొమ్మిదంగలు జరిగితే అంత దూరాన నీళ్ళ మీద నూరు గజాల పైమాటే. రెండేళ్ళుగా ఆమె లేని గీత వెంట మునుగుతోంది.

"పిన్నీ!" అని అరిచాడు సరాంతిస్.

ఆమె ఉలిక్కిపడి చప్పున గంట మీంచి చూపు తిప్పేసింది. "ఏందిరా? భయపెట్టి చంపుతావా?"

చెప్పాల్సింది అప్పుడు. నోటిదాకా వచ్చింది. చెబితే నీ గుర్తు చూశానని ఒప్పుకోవాలి. ఆమె మొహం ఎలా మారుతుందో ఊహించుకున్నాడు. ముందు నిజమో కాదో చూసొచ్చి చెబుదాం అనుకున్నాడు. వట్టి చేతులతో కాకుండా బండ చూపించి చెబుదాం. తప్పు చేసేవాడికి మంచి కారణాలు కరువా?

"ఏం లేదు. కయాక్ తాడు నడుముకి కట్టావా లేదా అని."

"కట్టాలే. పో."

మర్నాడు అతను కొండెక్కి, తను పగలగొట్టిన పాత పునాది మీద ఒక తెల్ల గోనెపట్టా కర్రకి కట్టి నిలబెట్టాడు. సముద్రంలోకి వెళ్ళి, ఆ పట్టాని గాలిమర భుజం మీద కూచోబెట్టుకుని, లోతు చూపే యంత్రం వంక చూస్తూ పడవని మెల్లగా పోనిచ్చాడు. ముప్ఫైమూడు మీటర్లు, ముప్ఫైరెండు, ముప్ఫైమూడు. ఉన్నట్టుండి పాతిక. ఇంజను ఆపి మునిగాడు.

అది ఇల్లులానే ఉంది. రెండంతస్తుల ఇల్లు. దక్షిణం వైపు వాకిలంత చీలిక. ఆ చీలికలో ఒక రోఫోస్, దూడంత, మచ్చల మొహంతో, మీరెవరన్నట్టు చూసింది. మనిషిని చూసి అది పారిపోలేదు. దానికి మనిషి తెలీదు. సరాంతిస్ చేతిలో ఈటె తుపాకీ ఉంది. ఎందుకు తీసుకెళ్ళావని అతన్ని ఇప్పుడు అడిగితే, అలవాటంటాడు.

ఆ చేపని రేవులో దించేటప్పుడు జనం మూగారు. థియోపిస్తి కూడా ఇస్త్రీ బుట్టతో ఆగింది. ఎక్కడ పట్టావని ఎవరూ అడగలేదు, అడక్కూడదు. ఆమె వంగి, దాని నుదుటి మీద అరచెయ్యి పెట్టింది.

"ముసలిది. దీనికి నా వయసుంటదిరా."

"ఉంటది పిన్నీ" అన్నాడు సరాంతిస్.

"అదృష్టవంతుడివి. మంచి చోటు దొరికింది నీకు." బుట్ట చంకకెత్తుకుని వెళ్ళిపోయింది.

ఆ వేసవిలో సరాంతిస్ ఆ బండ మీంచి పదకొండు చేపలు తెచ్చాడు. ప్రతిసారీ ఇదే ఆఖరిది, రేపు చెప్పేస్తా అనుకున్నాడు. రోఫోస్ పెరగడానికి నలభై ఏళ్ళు, పోవడానికి ఒక ఈటె. సెప్టెంబరులో దిగితే వాకిలి ఖాళీగా ఉంది. చిన్న చేపలు లోపలికీ బయటికీ తిరుగుతున్నాయి, ఇంటివాళ్ళు చచ్చిపోయిన ఇంట్లో పిచ్చుకల్లా. అతను ఊపిరున్నంతసేపూ అక్కడే చూస్తూ ఉండిపోయాడు. ఆ వేసవి పొడుగునా ఆమె నూరు గజాల అవతల మునుగుతూనే ఉంది. ఒక్కోసారి ఒకరి మొహం ఒకరికి కనిపించేంత దగ్గర. అలాంటప్పుడు ఆమె మర్యాదగా మొహం అటు తిప్పుకునేది, అతని చోటు చూడకూడదని.

అక్టోబరులో థియోపిస్తి జలుబుతో మునిగి చెవి పగలగొట్టుకుంది. సామోస్‌లో డాక్టరు, ఇక నీళ్ళలో తల పెడితే ఆ చెవి పోయినట్టే అన్నాడు. ఓడ దిగిన మర్నాడు కయాక్‌ని పిల్లలాడుకునే చక్రాల బండి మీద ఈడ్చుకొచ్చి సరాంతిస్ వాకిట్లో పెట్టింది. చెవిలో దూది.

"ఎవరికన్నా అమ్మెయ్యి. సూటు మాత్రం ఎవరికీ పట్టదులే."

"ఉంచుకో పిన్నీ. గాలం వేసుకోవచ్చుగా."

"గాలం వెయ్యటానికి రేవు చాలదా?"

ఆమె వెళ్ళాక అతను కయాక్‌ని కడగబోయాడు. ఆమె తిరగేసి కూచునే చోట, మోకాళ్ళ పక్కన, ప్లాస్టిక్ మీద మేకుతో గీసిన గీతలున్నాయి. నాలుగేసి గీతలకి అడ్డంగా ఐదోది, బడిపిల్లలు లెక్కపెట్టినట్టు. మునిగి వట్టి చేతులతో పైకొచ్చిన ప్రతి పొద్దుకీ ఒకటి. రెండు వందల పదకొండు. మే నెల తర్వాతవి ఎన్నో అతను విడిగా లెక్కపెట్టబోయి ఆపేశాడు. ఆ కయాక్ ఇప్పటికీ అతని కొట్టు గదిలోనే ఉంది. ఎవరడిగినా అమ్మలేదు.

ఆ చలికాలం థియోపిస్తి ఇల్లు తాళం పెట్టి, కియోస్ దీవిలో ఒక వృద్ధుల ఆశ్రమంలో బట్టలుతికే పనికి వెళ్ళిపోయింది. ఓడ కదిలేటప్పుడు సరాంతిస్ రేవులో సామాన్లెత్తుతున్నాడు. అందరూ ముందువైపు నిలబడితే ఆమె ఒక్కతే వెనక కొసన నిలబడి, వదిలిపోతున్న ఒడ్డుని చూస్తోంది. అతను చెయ్యెత్తాడు. ఆమె చూపు అతని నెత్తి మీదుగా కొండ మీదికి పోయింది. దాన్ని కలవడం అనరు. వాళ్ళు చివరిసారి కలిసింది అంతకు మూడు వారాల ముందు, కయాక్ తెచ్చి వదిలేసిన నాలుగో రోజు.

ఆ రోజు అతను ఆమె ఇంటికి వెళ్ళాడు. చేతిలో ఏమీ లేదు, దారిలో ఏదన్నా కొందామనుకుని సిగ్గేసి కొనలేదు. ఆమె ముందుగదిలో దుప్పటి ఇస్త్రీ చేస్తోంది. ఒకప్పుడు జన్నిస్ మంచం ఉన్న గది అదే.

"కూచో. కాఫీ పెట్టనా?"

"వద్దు పిన్నీ. ఒక మాట చెప్పాలి."

"చెప్పు. ఈ చెవి వైపు రా, అది వినపడదు."

అతను నిలబడే చెప్పాడు. భూకంపం, మేస్త్రీ, కాఫీ హోటల్లో తను అడిగిన ప్రశ్న, తొమ్మిదంగలు. ఆమె ఇస్త్రీ పెట్టె ఆగలేదు. ముందుకి, వెనక్కి.

"తూర్పుకా?"

"తూర్పుకే."

"నువ్వే పెట్టావా గూడు?"

"నా చేతుల్తోనే."

"నా గుర్తు అదని నీకెప్పుడు తెలుసు?"

అబద్ధం చెప్పే వీలుంది. నిన్ననే అనొచ్చు. "మే నెలలో" అన్నాడు.

ఆమె ఇస్త్రీ పెట్టె నిలబెట్టింది. దుప్పటి అంచు వేళ్ళతో సర్దింది. చాలాసేపు సర్దింది. "చూశావా దాన్ని?"

"చూశా."

"ఎలా ఉంది?"

"ఇల్లులా ఉంది పిన్నీ. రెండంతస్తులు. పైకప్పు మీద ఎర్రగా పాకుడు. దక్షిణానికి వాకిలి. చుట్టూ తెల్లటి ఇసక, ఊడ్చి పెట్టినట్టు."

"ఇల్లులానే అనుకున్నా" అంది. ఆమె మొహంలో ఒక్క క్షణం ఆ మొదటి వేసవి నవ్వులాంటిది వచ్చింది. "లోపల?"

సరాంతిస్ బుట్టలో దుప్పటి మడత సరిచెయ్యబోయాడు.

"ఆ ముసలిది, రేవులో నేను చెయ్యి పెట్టింది, దాన్లోదేనా?"

"దాన్లోదే."

"ఇంకా ఉన్నయ్యా?"

"లేవు పిన్నీ."

కిటికీ అవతల ఎవరో గాడిదని అదిలిస్తున్నారు. ఆమె తిట్టలేదు. తిడితే బాగుండని అతను ఎదురుచూశాడు. "నిన్ను పడవలో తీసుకెళ్తా. మునగక్కర్లేదు. మధ్యాన్నం ఎండలో అద్దం బకెట్టుతో చూస్తే నీడలా కనిపిస్తది" అన్నాడు. ఆమె విన్నదో, చెడ్డ చెవి వైపు చెప్పాడో తెలియలేదు. దుప్పటి నాలుగు మడతలు పెట్టి, బుట్టలో వేసి, కుర్చీలో కూచుంది. అతని వైపు తిరిగింది. బల్ల మీద కూజా నిండుగానే ఉంది. మూతి దాకా నీళ్ళు తళతళలాడుతున్నాయి.

ఆమె గ్లాసు తీసి అతని చేతికిచ్చింది.

"నాయనా, వెళ్ళి కాసిని మంచినీళ్ళు పట్రా."